అరవై ఐదు అంగుళాల దారం

జూన్ 4

నాన్నకి,

ఉత్తరం చూసి ఏం కొంప మునిగిందో అనుకోకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నీ ఫోన్ సంగతి తెలుసు కదా, నేను రెండు మాటలనేలోపు నువ్వు నాలుగని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

మా యూనిఫాం ఫ్యాక్టరీ వెనకున్న ఖాళీ స్థలంలో విలువిద్య నేర్పడం మొదలుపెట్టారు. పనివాళ్లకీ, వాళ్ల పిల్లలకీ. ఒక కోచ్ వస్తున్నాడు. మూడు నెలలు నేర్పి, సెప్టెంబరు ఆఖరికి ఫ్యాక్టరీ జట్టులోకి ఆరుగురిని తీసుకుంటారట. నీ మనవరాలు చేరతానంటోంది. పదమూడేళ్లొచ్చాయి దానికి. అక్కడున్న విళ్లు పదిమంది చేతులు మారేవి, ఎవరికీ సరిగ్గా అతకవు. కప్పీలున్న కాంపౌండ్ విల్లు సొంతది తెచ్చుకోమన్నాడు కోచ్. ఇక్కడి దుకాణంవాడు పెట్టె మీద బొమ్మ చూపించి, ఇది అందరికీ సరిపోతుందన్నాడు. అందరికీ సరిపోయే చొక్కా ఎవరికీ సరిపోదు. పదహారేళ్లుగా కటింగ్ బల్ల దగ్గరున్నదాన్ని, నాకా చెప్పేది.

నలభై ఏళ్లుగా నీ బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ విల్లు అమర్చి పంపావు. దీనికీ ఒకటి చూసి పంపుతావా?

నీ కూతురు

*

జూన్ 11

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. మూడేళ్లకి నాన్న గుర్తొచ్చాడు, అదీ విల్లు కావాల్సొచ్చి. నువ్వు మాత్రం రాశావా అంటావు. నా చదువు నాలుగో తరగతి. ఒక్కో అక్షరం మేకు దిగ్గొట్టినట్టు కొట్టాలి. నీకేం, చకచకా రాస్తావు.

పెట్టె మీద బొమ్మ చూపించినవాడి దగ్గర కొనకపోవడం మంచి పని. మామూలు విల్లయితే ఎవడి బలం కొద్దీ వాడు లాగుతాడు. కాంపౌండ్ అలా కాదు. కప్పీలు తిరిగి తిరిగి ఒకచోట ఆగిపోతాయి, గోడకి తగిలినట్టు. ఆ గోడ ఎక్కడుండాలో మనిషి చేతులు చెప్పాలి. అంగుళం ఎక్కువైతే తాడు ముంజేతిని కోస్తుంది. అంగుళం తక్కువైతే మనిషి ముడుచుకుపోతాడు. లాగుడు పొడవు అంటే అదీ. దాని తర్వాతే రంగులూ సోకులూ.

ఇలా చెయ్యి. పిల్లని గోడకి వీపు ఆనించి నిలబెట్టు. రెండు చేతులూ పక్కలకి చాపమను, బిగదీసుకోకుండా. ఈ నడివేలి కొస నుంచి ఆ నడివేలి కొస దాకా దారం పట్టి కత్తిరించు. ఆ దారాన్ని కవర్లో పెట్టి పంపు. అంకె రాయకు. అంకె రాసేవాళ్లు టేపు ఎక్కడ పట్టారో నాకు కనపడదు. దారం అబద్ధమాడదు.

రెండోది కన్ను. చేతులు ముందుకు చాచి, రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దాంట్లోంచి తలుపు గడియ చూడమను. ఒక్కో కన్నూ మూసి చూడమను. ఏ కన్ను తెరిచినప్పుడు గడియ సందులో ఉందో అదే దాని గురి కన్ను. అది కుడిదైతే కుడిచేత్తో లాగే విల్లు, ఎడమదైతే ఎడమ.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. బాణం ఉంటే ఆ బలాన్ని బాణం మోసుకుపోతుంది. లేకపోతే ఆ దెబ్బ విల్లే తినాలి. నా బల్ల పైన మేకుకి వేలాడే విరిగిన విల్లు రెక్క నీకు తెలుసుగా. ముప్ఫై ఏళ్లు దాటింది, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ముందు దాన్నే చూపిస్తాను. ఆ కథ నీ కూతురికి నువ్వే చెప్పు.

అల్లుడు ఒప్పుకున్నాడా, ఆడపిల్లకి విల్లెందుకని సాగదీస్తున్నాడా?

మీ నాన్న

*

జూన్ 19

నాన్నకి,

దారం పెట్టాను. గట్టిది, సాగనిది, కాలర్లు కుట్టేది. నేను పట్టలేదు, కటింగ్‌లో నా పక్క బల్ల ఆవిడ పట్టింది. రెండుసార్లు చూసి ఒక్కసారి కత్తిరించాం. ఉన్నది ఉన్నట్టు తీసుకో.

కన్ను కుడిదే.

ఆడపిల్లకి విల్లెందుకన్న మాట మీ అల్లుడు అనలేదు. ఆ మాట నేను విన్నది వేరే చోట.

సెప్టెంబరు ఆఖరికి ఎంపిక. అప్పటికి చెయ్యి కుదురుకోవాలంటే జులైలోనే అందాలి. తొందరపెడుతున్నానని విసుక్కోకు.

నీ కూతురు

*

జులై 2

అమ్మాయికి,

విల్లు పంపాను. పార్శిల్‌వాడికి ఇది మంచం కోడు కాదు, విసిరెయ్యకని నాలుగుసార్లు చెప్పాను. చెవిటివాడిలా తలూపాడు.

మూడు విళ్లు దించి చూశాను. ఒకటి మహా వేగం. లాగడం మొదలుపెట్టగానే కొండని ఈడ్చినట్టుంటుంది, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది, ఆదమరిస్తే మనిషినే ముందుకు లాక్కెళ్తుంది. కొత్తవాళ్లకి అది పొగరుబోతు ఎద్దు. పక్కన పెట్టాను. ఇంకోటి పొట్టిది, తేలిక, మోసుకు తిరగడానికి బాగుంటుంది. కానీ చెయ్యి వెంట్రుకవాసి వణికితే బాణం బారెడు పక్కకి పోతుంది. అదీ వద్దనుకున్నాను. మూడోది పొడుగుది, నిదానం. ముసలి ఉపాధ్యాయుడిలా ఉంటుంది, చిన్న తప్పులు చూసీ చూడనట్టు పోతుంది. నీ కూతురికి అదే కట్టాను. రెక్కలు వదులు చేసి, లాగే బరువు బాగా దించి ఇరవై రెండు పౌన్లకి పెట్టాను. తాడులో కన్నమున్న చిన్న రింగు ఉంటుంది, దాంట్లోంచి చూడాలి. మణికట్టుకి కట్టుకుని మీట నొక్కి వదిలే పట్టీ కూడా పెట్టాను.

ఇక నీ దారం సంగతి. బల్ల మీద పరిచి కొలిస్తే అరవై ఐదు అంగుళాలొచ్చింది. నవ్వొచ్చింది నాకు. పదమూడేళ్ల పిల్లకి అరవై ఐదు అంగుళాల బారా? నీకే ఉండదు అంత. ఆ పక్క బల్ల ఆవిడ ఎవరో గానీ కబుర్లు చెబుతూ పట్టుంటుంది. బారని రెండున్నరతో భాగిస్తే లాగుడు పొడవు. నీ దారాన్ని నమ్మితే ఇరవై ఆరు. అంత పెడితే పిల్ల విల్లుకి వేలాడుతుంది. ఐదంగుళాలు తీసేసి, అరవై లెక్కన ఇరవై నాలుగుకి కట్టాను. నలభై ఏళ్ల కన్ను నాది. మనిషి తలుపు దాటి లోపలికి వస్తుంటేనే కొలత చెబుతాను.

కప్పీల మరల మీద ఎర్ర రంగు వేశాను. అది చెదిరిందంటే ఎవరో వేలు పెట్టారని నాకు తెలుస్తుంది.

మీ నాన్న

*

జులై 20

నాన్నకి,

విల్లు భద్రంగా చేరింది. నువ్వు చుట్టిన నల్ల గుడ్డ విప్పగానే నీ బల్ల వాసన వచ్చింది, తాడుకి పట్టించే మైనం వాసన. విల్లు చాలా బాగుంది. నువ్వు చెప్పినట్టే నిదానంగా ఉంది.

కానీ కురచగా ఉంది నాన్నా. తాడు లాగితే చెయ్యి దవడ దాకా రావాలి కదా, గెడ్డం ముందరే ఆగిపోతోంది. మోచెయ్యి పక్కకి పొడుచుకొస్తోంది. భుజం చెవి దగ్గరికి లేస్తోంది. చంకల్లో బిగుతైన జాకెట్ వేసుకుని పై అర మీద డబ్బా అందుకున్నట్టు ఉంటోందట. కోచ్ చూడగానే రెండంగుళాలు తక్కువ కట్టారన్నాడు.

కొలతలు తీయడం నా పని నాన్నా. నా కొలత మీద రోజుకి నాలుగు వందల చొక్కాలు తెగుతాయి. దారం సరైనదే. ఏ మర ఎటు తిప్పాలో రాస్తే కోచ్ మారుస్తానంటున్నాడు. లేదా నువ్వే ఒకసారి వచ్చి చూస్తే ఇంకా మంచిది. రాకూడదని ఎవరూ అనలేదు.

నీ కూతురు

*

జులై 27

అమ్మాయికి,

ఆ కోచ్ అనేవాడు పుస్తకం చదివి విల్లు పట్టినవాడు. నేను విల్లు పట్టి పట్టి, పుస్తకం అక్కర్లేకుండా పోయినవాణ్ణి. వాడు చూడగానే చెప్పాడట. చూడకుండానే చెప్పే నేను వెర్రివాణ్ణి.

నా ఎర్ర రంగు మీద ఎవడైనా చెయ్యి వేశాడో, ఇక నాకు ఉత్తరం రాయొద్దు.

పిల్లకి అలవాటు లేక అలా ఉంటుంది. బరువు మరీ తేలికై ఆటలాడుతున్నట్టుంది. రెక్కల మరలు మాత్రం పైదీ కిందదీ సమానంగా మూడేసి చుట్లు బిగించండి, దానికి నేను ఒప్పుకుంటున్నాను. రోజుకి నూరు బాణాలు వేయించు. నొప్పి అంటే నూట ఇరవై వేయించు. నొప్పి లేకుండా చెయ్యి కుదరదు. మీ అన్నకి నేను అలాగే నేర్పాను, ఒక్క మాట అనేవాడు కాదు. ఇది ఊరికే గునుస్తోంది. గునిసే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

రాకూడదని ఎవరూ అనలేదన్నావు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. మూడేళ్ల కింద మీ ఇంటికొస్తే, చెప్పులు గుమ్మంలో అడ్డంగా విడిచానని అల్లుడు వాటిని కాలితో పక్కకి జరిపాడు. నేను చూడలేదనుకున్నాడు. పిలవని చోటికి నేను పోను.

నూరు. లెక్కపెట్టి.

మీ నాన్న

*

ఆగస్టు 25

నాన్నకి,

మీ అల్లుడు చెప్పులు జరిపింది నువ్వు తట్టుకుని పడతావేమోనని. మూడేళ్లు మోశావా దాన్ని? ఒక్క మాట అడిగితే పోయేది కదా.

నువ్వు చెప్పినట్టే చేశాం. మూడు చుట్లు బిగించాం. రోజూ నూరు. కోచ్ వద్దన్నాడు, మా నాన్న చెప్పాడని చెప్పాం. మొదట నొప్పి, తర్వాత మంట. ఇప్పుడు కుడిచెయ్యి భుజం పైకి లేవడం లేదు. తల దువ్వుకోవడం కూడా ఎడమచేత్తోనే. వంద తర్వాత ఇరవై అన్నావని పది రోజులు అదీ చేశాం.

బాణం వదిలేటప్పుడు ఎడమచేతిలో పిడి కూడా మెలి తిరుగుతోంది. బాణాలన్నీ ఒకే వైపు పోతున్నాయి.

ఎంపిక ఇంకో నెలే. ఏం చెయ్యమంటావు?

నీ కూతురు

*

సెప్టెంబరు 2

అమ్మాయికి,

ఉత్తరం చదవడానికి నాకు పూటంతా పట్టింది. కోడి కెలికినట్టుంది నీ రాత. లైన్లన్నీ కిందికి జారిపోతున్నాయి. ముత్యాల్లా రాసేదానివి, మీ టీచరు నాకు పలక తెచ్చి చూపించేది. నాన్నకి కదా, ఎలా గీకి పారేస్తే ఏంలే అనుకున్నావేమో. నేను నాలుగో తరగతివాణ్ణయినా గీతల మీద రాస్తాను.

పిల్ల భుజం సంగతి. పది రోజులు ఆపించు, వేడినీళ్ల కాపడం పెట్టు. మా రోజుల్లో అదే మందు.

పిడి మెలి తిరుగుతోందంటే అరచేతికి పిడి లావు కుదరలేదన్న మాట. అది నా తప్పే అనుకో, చెయ్యి చూడకుండా పిడి వేశాను. ఒక తెల్లకాగితం మీద పిల్ల ఎడమచెయ్యి ఆనించి, వేళ్లు కాస్త విడదీసి, చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపు. దాని మీద పెట్టి కొత్త పిడి చెక్కుతాను. లాగుడు పొడవు జోలికి మాత్రం పోవద్దు, అది సరిగానే ఉంది.

చెప్పుల సంగతి నేను మర్చిపోయాను. నువ్వే గుర్తుచేస్తున్నావు.

మీ నాన్న

*

సెప్టెంబరు 10

నాన్నకి,

చెయ్యి గీసి పంపుతున్నాను. పిడి ఒక్కటీ సరిచేసి పంపు, చాలు.

నీ కూతురు

*

సెప్టెంబరు 17

అమ్మాయికి,

ఇది పదమూడేళ్ల పిల్ల చెయ్యి కాదు.

కాగితం బల్ల మీద పరిచి, నాలుగు మూలలా మేకులు పెట్టి, పిడికి చెక్క కోయబోయాను. బొటనవేలు చూశాను. చూపుడువేలు, నడివేలు, ఉంగరపు వేలు. చిటికెనవేలు దగ్గర పెన్సిల్ గీత రెండో కణుపు నుంచి బయటికి వంగిపోయింది. గీసేటప్పుడు కాగితం కదిలిందేమో అనుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కాగితం కదల్లేదు. వేలే అంత.

అలాంటి వేలు నాకు తెలిసి ఒక్కటే ఉంది.

ముందు కోపమొచ్చింది. కన్నతండ్రికి అబద్ధాలా అనుకున్నాను. అద్దాలు తీసి బల్ల మీద విసిరేశాను, ఒక కాడ ఊడిపోయింది. దారం కట్టుకుని రాస్తున్నాను ఇప్పుడు.

అప్పుడు నీకు పదకొండేళ్లు. నేను బయట గిరాకీతో మాట్లాడుతున్నాను. లోపల పెద్ద చప్పుడైంది. వచ్చి చూస్తే ఒక గిరాకీదారుడికి ఆ రోజే ఇవ్వాల్సిన విల్లు నీ కాళ్ల దగ్గర పడుంది. బాణం లేకుండా లాగి వదిలేశావు. పై రెక్క నిలువునా చీలింది. కప్పీ మీంచి తాడు ఊడి కొరడాలా కొట్టింది. అది నీ చేతిని కొట్టిందని తర్వాత తెలిసింది. నేను విల్లు తీసుకుని వెలుగులోకి పట్టుకెళ్లాను. రెక్క ఎక్కడిదాకా చీలిందో చూశాను. కప్పీ వంగిందేమో తిప్పి చూశాను. నువ్వు గోడకి ఆనుకుని చెయ్యి గౌనులో దాచుకుని నిలబడ్డావు. ఏడవలేదు. ఇంకోసారి విల్లు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతాను అన్నాను. అప్పటికే విరిగి ఉంది. మీ అమ్మ మర్నాడు చూసింది, వేలు వంకాయలా వాచాక.

ఇది ఇంతవరకూ నేనెవరికీ చెప్పలేదు. రెక్క మాత్రం చూపించాను. ఎన్ని వందల మందికి చూపించానో.

నీ దారం మళ్లీ తీశాను. మేకుకి మేకుకి మధ్య కట్టి కొలిచాను. అరవై ఐదు. మళ్లీ కొలిచాను, అరవై ఐదే. ఇరవై ఆరు పెట్టాల్సింది. నీకే ఉండదని రాశాను కదా ఆ రోజు. నీ బార ఎంతో నాకు తెలియదు. మనిషి తలుపు దాటి వస్తుంటేనే చెబుతానన్న మొనగాణ్ణి, కన్నకూతురి బార ఎప్పుడూ చూడలేదు.

అంటే నూరు బాణాలు వేసింది నువ్వు. భుజం నీది. జారిపోయిన రాత కూడా అందుకే.

విల్లు పంపు, కట్టి ఇస్తాను. కాదు, వద్దు, నేనే పనిముట్లు తీసుకుని వస్తాను. పిలవకపోయినా వస్తాను. ఏ బస్సో రాయి.

మీ నాన్న

*

అక్టోబరు 1

నాన్నకి,

ఈ ఉత్తరం నీ మనవరాలు రాస్తోంది, నేను చెబుతుంటే. దానికి విల్లంటే పడదు. దానికి ఈత కావాలి. రాయడానికి మాత్రం ఒప్పుకుంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

నువ్వు రావద్దు.

డాక్టరు స్కాన్ తీయించాడు. భుజం కీలు దగ్గర కండరం చిరిగిందన్నాడు. ఆరు నెలలు చెయ్యి పైకెత్తకూడదు, విల్లు సంగతి ఈ జన్మకి మర్చిపొమ్మన్నాడు. ఎంపిక అయిపోయింది. ఆరుగురిలో నా పక్క బల్ల ఆవిడ ఉంది, దారం పట్టినావిడ. కబుర్లు చెబుతూ పట్టిందని నువ్వు రాసింది ఆవిడకి చదివి వినిపించలేదు. కటింగ్ యంత్రం కుడిచేత్తో తోయాలి. అది నాకిప్పుడు చేతకాదు. నన్ను అక్కడి నుంచి తీసి దారాలు కత్తిరించే చోట కూర్చోబెట్టారు. కుట్టిన చొక్కాలకి వేలాడే పోగులు తుంచుతాను. ఆ పని కొత్తగా చేరినవాళ్లకి ఇస్తారు.

అబద్ధం నాదే. నలభై మూడేళ్ల కూతురికి విల్లు కావాలంటే నువ్వేం రాసేవాడివో నాకు తెలుసు. ఈ వయసులో సోకులా అనేవాడివి. మనవరాలికంటే కడతావనుకున్నాను. కట్టావు. నా దారాన్ని కత్తిరించి కట్టావు. దారం అబద్ధమాడదని నువ్వే రాశావు, వెతుక్కో, జూన్ ఉత్తరంలో ఉంది.

కోచ్ ఆ మొదటిరోజే మరలు తిప్పుతానన్నాడు. అరగంట పని. మా నాన్న కట్టింది, ముట్టుకోవద్దన్నాను. పదిమందిలో అన్నాను, గొప్పగా. అది నా తప్పు, నీది కాదు. నీ నుంచే వచ్చింది గానీ.

ఆ రోజు నేను ఏడవలేదని రాశావు. ఏడ్చాను. నువ్వు కప్పీ తిప్పి చూస్తున్నావు, దాని చప్పుడులో వినపడి ఉండదు. ఆ వారమే అన్నకి కొత్త విల్లు కట్టావు. వాడు నొప్పి అనేవాడు కాదని మెచ్చుకుంటావు. వాడు నువ్వు అటు తిరగగానే బాణాలు చేత్తో తీసుకెళ్లి గుచ్చి వచ్చేవాడు, నొప్పెందుకుంటుంది? ఏడాదికి మేకుకి తగిలించాడు. ఆ విల్లుని నాలుగేళ్లు నేనే తుడిచాను, గుడ్డతో, చెయ్యి తగలకుండా. ముట్టుకోవద్దన్నావు కదా.

విల్లు తిప్పి పంపుతున్నాను. ఎర్ర రంగు చెదరలేదు, చూసుకో.

నీ కూతురు

తాతయ్యా, నేను అమ్మ చెప్పినట్టే రాశాను. ఒక్కటి మాత్రం అమ్మ రాయొద్దంది, అయినా రాస్తున్నాను. ఆ పార్శిల్ కట్టేటప్పుడు నువ్వు విల్లుకి చుట్టి పంపిన నల్ల గుడ్డ అమ్మ తీసి బీరువాలో దాచుకుంది. అది తిరిగి రాలేదని అడగకు.

*

అక్టోబరు 20

అమ్మాయికి,

రావద్దన్నావు, రాలేదు. నీ మాట వినడం నాకు ఇదే మొదలు. అలవాటు లేని పని, నొప్పిగానే ఉంది.

విల్లు అందింది. గుడ్డ లేదు. అడగను.

ఎర్ర రంగు చెదరలేదు. నేనే గీకేశాను. రెండు కప్పీల మీదా మరలు తిప్పి ఇరవై ఆరుకి కట్టాను. అరగంట పని అన్నావు, నాకు పావుగంట కూడా పట్టలేదు. రింగు కాస్త పైకి జరిపాను. కాగితం మీద నీ చేతిని బట్టి పిడి చెక్కాను, చిటికెనవేలు ఆనే చోట కాస్త లోతు తీశాను, దాని వంపుకి తగ్గట్టు. ఎవరికోసం అంటే ఎవరికోసమూ కాదు. సగంలో వదిలేస్తే బల్ల దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. నీ దారం పిడికి చుట్టి మేకుకి తగిలించాను. అమ్మను.

మీ అన్నకి ఫోన్ చేసి బాణాలు గుచ్చి వచ్చేవాడివటగా అని అడిగాను. నవ్వాడు. ఇప్పుడా నాన్నా తెలిసింది అన్నాడు. వాడి కళ్ల ముందు నేను ఎన్నాళ్లు ఏమీ తెలియనివాడిలా తిరిగానో.

నిన్న ఒక పోస్టాఫీసు గుమాస్తా వచ్చాడు. యాభై దాటినవాడు, కొత్తగా నేర్చుకుంటాడట. ఈ వయసులోనా అన్న మాట నోటి దాకా వచ్చింది, మింగాను. గోడకి నిలబెట్టి దారం పట్టాను. మనిషి పొట్టి, చేతులు మోకాళ్లు దాటాయి. నా కన్ను అరవై నాలుగంది. దారం అరవై తొమ్మిదంది. దారం చెప్పిందే పెట్టాను.

కట్టడం అయ్యాక ఎప్పటిలాగే మేకు మీది రెక్క దించి చేతికిచ్చాను. బాణం లేకుండా తాడు వదిలితే ఇదీ గతి అని చెప్పాలి. ముప్ఫై రెండేళ్లుగా నిద్రలో అడిగినా చెప్పే మాట. అది చెప్పకుండా బల్ల మీది చెక్కపొట్టు ఊడ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, విరిగింది ఇదొక్కటేనా, ఇంకేమైనా పోయిందా అన్నాడు. మా అమ్మాయి వేలు విరిగింది అన్నాను.

ఆయన వెంటనే రెక్క బల్ల మీద పెట్టేసి, అయ్యో, ఇప్పుడెలా ఉంది అని అడిగాడు.

ముక్కూ మొహం తెలియని మనిషి. విల్లు కొనడానికి వచ్చినవాడు. ఇన్నేళ్లలో నా నోటి నుంచి రాని మాట, ఆయన నోటి నుంచి ఊరికే వచ్చేసింది. బాగానే ఉందండి అందామనుకున్నాను. ఉందో లేదో నాకు తెలియదు. కనుక్కుని చెబుతానన్నాను. ఆయన విచిత్రంగా చూశాడు.

బాణాలు ఇంకా సిద్ధం కాలేదు, వచ్చే నెల తీసుకోవడానికి వస్తాడు. మళ్లీ అడుగుతాడు, అలాంటి మనిషే.

వేలు ఎలా ఉంది? చలికి నొప్పి పెడుతుందా? గాజులు వేసుకునేటప్పుడు అడ్డొస్తుందా? నీకు రాయడం కష్టమైతే పిల్లకి చెప్పు, అది రాస్తుంది. ఎంత ఉంటే అంత రాయమను. తగ్గించొద్దను.

మీ నాన్న